కోడలి పేరు అత్తకి పెట్టిన సీరియల్

నౌపడలో మా ఇల్లు స్టేషనుకి దగ్గర. గుణుపూర్ లైను విడిపోయే జంక్షన్ కాబట్టి రైలు కూతలు మాకు గడియారం లాంటివి. ఒకవైపు ఉప్పు మళ్ళు, ఒకవైపు పట్టాలు. మధ్యాహ్నం ఎండకి ఉప్పు కుప్పలు కళ్ళు చెదిరేలా మెరుస్తుంటే ఎవరూ బయట తిరగరు. ఆ టైములో మా మామ్మ ఫోన్‌లో పాత సీరియల్స్ చూస్తుంది. ఈ సెలవుల్లో ఆవిడ పట్టుకున్న సీరియల్ 'జోధా అక్బర్'. 2013 నుంచి 2015 దాకా హిందీలో వచ్చి, తెలుగులోకి డబ్ అయి మన ఇళ్ళల్లోకీ చేరిందే అది.

సెకండియర్ అయిపోయింది, నాలుగు పుస్తకాలు తిరగేశాను అన్న ధీమాతో నేను ఊరుకోలేకపోయాను. "మామ్మా, అసలు అక్బర్ భార్య పేరు జోధా కాదు తెలుసా" అన్నాను.

ఆవిడ ఫోన్ మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఏటిరా గుంటడా, ఆ పిల్ల అక్కడ ఏడుస్తంటే నువ్వు పేరు గురించి తగువెట్టావు?" అంది. నేను వదల్లేదు. ఇది చరిత్ర కాదు, కల్పన అని పావుగంట లెక్చర్ ఇచ్చాను. అంతా విని ఒక్క మాట అడిగింది: "అయితే మన బొబ్బిలి కత ఎవులు సూసొచ్చినారు? అదీ అబద్దమేనేటి?"

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం చదివిందే ఈ వ్యాసం. మొఘలుల మీద సీరియల్స్‌లో ఎంత నిజం ఉంది, ఆ నిజాన్ని ఎలా తూచాలి, అదే త్రాసులో మన కథని పెడితే ఏమవుతుంది అన్నవి ఇందులో మూడు భాగాలు. చరిత్ర మన సబ్జెక్టు కాదు కదా అనుకోకండి. రీడింగు ఎక్కడిది అని అడగటం మన సబ్జెక్టే.

మూడు గళ్ళ పట్టిక

ల్యాబ్ రికార్డు సంగతి మనందరికీ తెలిసిందే. గ్రాఫ్ సరళరేఖ రావాలని ముందే తెలుసు. పాయింట్లు అటూ ఇటూ పడితే ఏం చేస్తామో ఇక్కడ రాయక్కర్లేదు! రిజల్ట్ ముందు, రీడింగులు తర్వాత. చరిత్ర సీరియల్ రాసేవాళ్ళలో చాలామంది చేసేదీ ఇదే. 'గొప్ప ప్రేమకథ' అన్న రిజల్ట్ ముందే ఖాయం, దానికి తగ్గట్టు సంఘటనలు సర్దుతారు.

అందుకని తెర మీద కనిపించే ప్రతి విషయాన్నీ మూడు గళ్ళలో ఒకదాంట్లో వేద్దాం.

ఒకటి, పత్రం. ఆ కాలంలోనో, దానికి చాలా దగ్గర్లోనో రాసి పెట్టింది. ఫర్మానా, శాసనం, ఆత్మకథ, ప్రయాణికుడి డైరీ, లెక్కల పుస్తకం ఈ గడిలోకి వస్తాయి.

రెండు, పరంపర. జనం తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చింది. పాట, జంగం కథ, బుర్రకథ, ఊరి పేరు వెనక కథ ఈ గడిలోవి. ఇది అబద్ధమని కాదు, నిజమని చూపించే కాగితం లేదని మాత్రమే.

మూడు, కల్పన. ఈ సినిమా కోసం, ఈ సీరియల్ కోసం రచయిత కొత్తగా అల్లింది.

మూడింట్లో ఏదీ తప్పు కాదు. ఒక గడిలోది ఇంకో గడిలో వెయ్యటమే తప్పు. ఇప్పుడు రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటి ఉదాహరణ: జోధా

పత్రం గడిలో ఉన్నది ఇది. 1562లో అక్బర్ అజ్మీర్ దర్గా యాత్రకి వెళ్ళాడు. ఆ ప్రయాణంలో ఆంబేర్ రాజు భార్‌మల్ కూతురితో సాంభర్ దగ్గర పెళ్ళి జరిగింది. అక్బర్ 1542 అక్టోబరులో పుట్టాడు కాబట్టి అప్పటికి అతనికి పంతొమ్మిదేళ్ళు. 1569లో ఆమెకి సలీం పుట్టాడు, అతనే తర్వాత జహంగీర్. ఆమె బిరుదు మరియం ఉజ్ జమానీ. జహంగీర్ తన ఆత్మకథలో తల్లిని ఆ బిరుదుతోనే తలుచుకుంటాడు. అక్బర్ ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ 'అక్బర్‌నామా'లో ఆమె ఫలానా రాజు కూతురు అంటాడే గాని జోధా అని ఎక్కడా అనడు.

మరి ఆ పేరు ఎక్కణ్ణుంచి వచ్చింది? జోధ్‌పూర్ నుంచి. జహంగీర్ భార్యల్లో ఒకామె జోధ్‌పూర్ రాజు ఉదయ్‌సింగ్ కూతురు జగత్ గోసాయిన్. షాజహాన్ తల్లి ఈమే. జోధ్‌పూర్ ఆడపడుచు కాబట్టి జోధ్‌బాయి. అంటే అసలు ఆ పేరు కోడలిది. పందొమ్మిదో శతాబ్దంలో రాజస్థాన్ చరిత్ర రాసిన జేమ్స్ టాడ్ లాంటి వాళ్ళ చేతుల్లో అది అత్తగారికి చేరిపోయింది. ఆ తర్వాత 1960లో 'మొఘల్-ఎ-ఆజం', 2008లో 'జోధా అక్బర్' సినిమా, అయిదేళ్ళకి అదే పేరుతో సీరియల్. ఇన్నిసార్లు వినిపించాక ఇప్పుడు అది చెరిగేది కాదు.

అత్తాకోడళ్ళ సీరియల్స్‌లో అత్త కోడలి నగలు తీసుకోవటం చూశాం. ఇక్కడ ఏకంగా పేరే తీసుకుంది!

ఇక్కడ నేను చేసిన తప్పు కూడా ఒప్పుకోవాలి. పేరు తప్పు కాబట్టి అంతా అబద్ధం అన్నట్టు మామ్మతో మాట్లాడాను. పెళ్ళి నిజం. ఆమె జహంగీర్ తల్లి కావటం నిజం. పేరు ఒక్కటీ రెండో గడిలోది. వాళ్ళిద్దరి మధ్య అలకలు, అపార్థాలు, చాటుమాటు మాటలు మూడో గడిలోవి. ఆ మాటలు పక్కనుండి రాసుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

రెండో ఉదాహరణ: అనార్కలి

'మొఘల్-ఎ-ఆజం' కంటే అయిదేళ్ళ ముందే, 1955లో, వేదాంతం రాఘవయ్య దర్శకత్వంలో మన 'అనార్కలి' వచ్చింది. అంజలీదేవి అనార్కలి, అక్కినేని సలీం, ఎస్వీ రంగారావు అక్బర్. తర్వాత ఎన్టీ రామారావు స్వయంగా దర్శకత్వం వహించి, అక్బర్‌గా నటించి 'అక్బర్ సలీం అనార్కలి' తీశారు. అందులో బాలకృష్ణ సలీం. మా మామ్మ తరానికి అక్బర్ అంటే ఇప్పటికీ ఎస్వీ రంగారావు గొంతే.

పత్రాల్లో ఏముంది? అబుల్ ఫజల్ అనార్కలి మాట ఎత్తడు, జహంగీర్ ఆత్మకథలోనూ ఆమె లేదు. 1611 ప్రాంతంలో లాహోరులో ఉన్న విలియం ఫించ్ అనే ఇంగ్లీషు వర్తకుడు అక్కడొక సమాధి గురించి రాశాడు. అక్బర్ భార్యల్లో ఒకామె, సలీంతో సంబంధం ఉందని రాజు ఆమెని గోడలో సజీవంగా పెట్టి కట్టించాడని చెప్పుకుంటారు అన్నాడు. అక్బర్ చనిపోయిన ఆరేళ్ళకి ఒక పరాయి దేశపు వర్తకుడు ఊళ్ళో విన్న మాట ఇది. సమాధి ఇప్పటికీ లాహోరులో ఉంది. మనం చూసిన కథకి రూపం ఇచ్చింది మాత్రం 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం. అన్ని సినిమాలూ ఆ నాటకం నీడలోనే నడిచాయి.

కాబట్టి అనార్కలి రెండో గడిలో మొదలై మూడో గడిలో పెరిగిన కథ. అంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ ప్రేమకథ అడ్డు నిలబడటం వల్ల దాని వెనక ఉన్న అసలు చరిత్ర మనకి కనపడలేదు.

తండ్రి మీద సలీం తిరగబడింది నిజమే. 1600 తర్వాత అలహాబాదులో కూర్చుని దాదాపు సొంత రాజులా నడిచాడు. కారణం ప్రేమ కాదు, సింహాసనం. 1602లో తండ్రికి ప్రాణస్నేహితుడైన అబుల్ ఫజల్ దక్కన్ నుంచి తిరిగి వస్తుంటే ఓర్ఛా బుందేలా నాయకుడు బీర్‌సింగ్ చేత దారిలో చంపించాడు. ఇది శత్రువులు పుట్టించిన పుకారు కాదు. జహంగీర్ తన ఆత్మకథలో తనే రాసుకున్నాడు. తండ్రి కథ రాస్తున్న మనిషిని కొడుకు చంపించి, ఆ సంగతి తన కథలో తనే రాసుకోవటం! ఏ సీరియల్ రచయితా ఇంతకంటే బలమైన ఎపిసోడ్ రాయలేడు. తెర మీద మాత్రం దాని చోటులో ప్రేమ, పాట, గోడ వచ్చాయి.

ఏ తప్పు చిన్నది, ఏది పెద్దది?

మనవాళ్ళకి తప్పులు పట్టటం సరదా. నాకూ సరదాయే. కొన్ని పట్టుకుందాం.

అక్బర్ భోజనాల పళ్ళెంలో ఎర్రగా టమాటా ముక్కలు కనిపిస్తే తప్పు. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసు లాంటి ఐరోపా వాళ్ళతో ఓడలెక్కి వచ్చినవి. 'ఐన్-ఇ-అక్బరీ'లో వంటశాల లెక్కల్లో మిరియాలు, అల్లం, లవంగం, జీలకర్ర, కుంకుమపువ్వు ఉన్నాయి గాని మిరపకాయ లేదు. అందులో కిచిడీ కొలత కూడా ఉంది: బియ్యం, పప్పు, నెయ్యి తలా అయిదు సేర్లు, ఉప్పు సేరులో మూడో వంతు. (నౌపడ మనిషిని కాబట్టి ఉప్పు లెక్క దగ్గర నా కన్ను ఆగింది.) మంచినీళ్ళు చల్లబడటానికి సురేకారం వాడేవారని కూడా అందులోనే ఉంది. సురేకారం నీళ్ళలో కరిగేటప్పుడు వేడిని లాక్కుంటుంది. ఫస్టియర్ కెమిస్ట్రీలో మనం చదివిన ఎండోథర్మిక్ ప్రక్రియే అది.

అక్బర్ ఉత్తరం విప్పి తనే చదువుకుంటున్నట్టు చూపిస్తే అదీ అనుమానించాల్సిందే. అతనికి చదవటం, రాయటం రాదనే ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. పుస్తకాలు చదివించుకుని వినేవాడు. ఇక భాష సంగతి. అక్బర్ తాత బాబర్ ఆత్మకథ రాసింది తుర్కీలో. అక్బర్ కార్యాలయాల భాష పారసీకం. హిందీ సీరియల్లో వాళ్ళు మాట్లాడేది ఇవేవీ కావు. తెలుగు డబ్బింగులో "జహాపనా, తమరి ఆజ్ఞ" అంటారు. అది అటు మొఘలు భాషా కాదు, ఇటు మన జానపద సినిమా భాషా కాదు.

ఇవన్నీ చిన్న తప్పులు. నా లెక్కలో వీటికి అయిదు శాతం టాలరెన్స్ ఇవ్వచ్చు. పారసీకంలో మాట్లాడితే మామ్మకి అర్థం కాదు. టమాటా వల్ల ఎవరికీ నష్టం లేదు.

పెద్ద తప్పు వేరే ఉంది. ఎవరు ఎందుకు ఏం చేశారు అన్న కారణాన్ని మార్చెయ్యటం. రాజ్యం కోసం జరిగిన తిరుగుబాటుని ప్రేమ కోసం అనటం. రాజకీయంగా ఇద్దరికీ పనికొచ్చిన సంబంధాన్ని కేవలం ఇద్దరి మనసుల గొడవగా చూపించటం. ఒక పక్షాన్ని పూర్తిగా తెల్లగా, ఇంకో పక్షాన్ని పూర్తిగా నల్లగా పూసెయ్యటం. ఇవి టాలరెన్స్‌లోకి రావు. కారణం మారితే ఆ కథ నుంచి మనం నేర్చుకునేదే మారిపోతుంది.

ఇంకో పెద్ద తప్పు, వదిలెయ్యటం. సీరియల్‌లో అంతఃపురం అంటే ఏడుపులు, విషం కలిపిన పాలగ్లాసులు. పత్రాల్లోని అంతఃపురం చూడండి. ఇదే మరియం ఉజ్ జమానీ పెద్ద వయసులో ఓడ వ్యాపారం చేసింది. రహీమీ అనే ఆమె పెద్ద ఓడ ఎర్రసముద్రం వైపు సరుకులతో, హజ్ యాత్రికులతో నడిచేది. 1613లో సూరత్ దగ్గర పోర్చుగీసువాళ్ళు దాన్ని పట్టుకుంటే జహంగీర్ వాళ్ళతో తెగతెంపులదాకా వెళ్ళాడు. అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం 1575లో ఆడవాళ్ళ బృందాన్ని వెంటబెట్టుకుని హజ్‌కి బయల్దేరి 1582లో గాని తిరిగి రాలేదు. ఆ తర్వాత అక్బర్ అడిగితే తన అన్న హుమాయూన్ కాలం గురించి పుస్తకం రాసింది. ఓడ యజమానురాలు, రచయిత్రి, ఏడేళ్ళ యాత్ర! ఇంత సరుకు చేతిలో ఉండగా పాలగ్లాసు ఎందుకో నాకు అర్థం కాదు.

"ఇది కల్పితం" అని చిన్న అక్షరాలతో వేస్తారు కదా అంటారా? 1990లో దూరదర్శన్‌లో 'టిప్పు సుల్తాన్ ఖడ్గం' మీద గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఇది కల్పన అని ఎపిసోడ్‌తో పాటు ప్రకటించాల్సి వచ్చింది. ఆ ప్రకటన ఎంతమందికి గుర్తుంది, గుర్రం మీద టిప్పు ఎంతమందికి గుర్తున్నాడు? కల్పన అని రాయటం చట్టానికి సరిపోతుంది. జ్ఞాపకం మీద దానికి అధికారం లేదు.

ఇక మన వంతు: బొబ్బిలి

ఇంతవరకు హాయిగానే ఉంది. ఆగ్రా వాళ్ళ రాణి, లాహోరు వాళ్ళ సమాధి, మనకేం పోయింది? మామ్మ ప్రశ్న ఇక్కడే గుచ్చుకుంటుంది. అదే పట్టిక, అవే మూడు గళ్ళు, ఇప్పుడు బొబ్బిలికి వేద్దాం.

పత్రం గడి. 1753లో దక్కన్ సుబేదారు సలాబత్ జంగ్ నాలుగు ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచివాళ్ళకి ఇచ్చాడు. వాటిలో చికాకోల్, అంటే మన శ్రీకాకుళం సర్కారు ఒకటి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఇక్కడి శిస్తు వసూలులో విజయనగరం రాజు పెద విజయరామరాజు మీద ఆధారపడ్డాడు. బొబ్బిలికీ విజయనగరానికీ ముందునుంచీ పొరుగు తగాదాలు, నీళ్ళ తగాదాలు ఉన్నాయి. 1757 జనవరి 24న బుస్సీ సేన, విజయనగరం సేన కలిసి బొబ్బిలి కోటని చుట్టుముట్టాయి. కోట నిలవదని తెలిశాక లోపలివాళ్ళు తమ ఆడవాళ్ళని, పిల్లల్ని తామే చంపి, పోరాడి చనిపోయారు. బొబ్బిలి రాజు రంగారావు అక్కడే పడిపోయాడు. ఒక ముసలాయన రంగారావు కొడుకైన చిన్న పిల్లవాణ్ణి మాత్రం బతికించి ఫ్రెంచి అధికారికి అప్పగించాడు. మూడో రాత్రి విజయరామరాజుని డేరాలో పొడిచి చంపారు. ఈ వివరాలు ఇంగ్లీషులో రాసింది ఈస్టిండియా కంపెనీ చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్. పగ తీర్చుకోవాలని ప్రతినపట్టిన నలుగురు సైనికుల గురించి అతను చెప్తాడు.

పరంపర గడి. జనం నాలుక మీద ఆ నలుగురు నిలవలేదు, ఒక్కడే నిలిచాడు: తాండ్ర పాపారాయుడు. రాజాంలో ఉన్న పాపారాయుడికి కబురు ఆలస్యంగా అందటం, వచ్చేసరికి కోట బూడిద కావటం, చెల్లెలు మల్లమ్మ మరణం, ఒంటరిగా డేరాలో దూరి పగ తీర్చుకోవటం జంగం కథలుగా, బుర్రకథలుగా మన ఊళ్ళన్నీ తిరిగాయి. దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్రము' కావ్యం రాశాడు.

కల్పన గడి. 1964లో 'బొబ్బిలి యుద్ధం' వచ్చింది. ఎన్టీ రామారావు రంగారాయుడు, ఎస్వీ రంగారావు పాపారాయుడు, భానుమతి మల్లమ్మ, రాజనాల విజయరామరాజు. 1986లో కృష్ణంరాజు 'తాండ్ర పాపారాయుడు' వచ్చింది. వీటిలోని పాటలు, ప్రేమ సన్నివేశాలు, ఎదురెదురుగా నిలబడి చెప్పే సవాళ్ళు సినిమా వాళ్ళవి.

రాజనాల పేరు చదవగానే మీకు అర్థమై ఉంటుంది. ఆ రోజుల్లో రాజనాల వచ్చాడంటే విలన్ వచ్చినట్టే. విజయరామరాజు ఎందుకు అలా చేశాడు, శిస్తు ఒప్పందంలో అతని స్థితి ఏమిటి, బుస్సీకి ఏం కావాలి అన్న ప్రశ్నలు ఆ ముఖం చూడగానే మన మనసులోంచి ఎగిరిపోతాయి. జోధా సీరియల్‌లో నేను పట్టుకున్న పెద్ద తప్పు, కారణాన్ని మార్చటం, ఇక్కడ నాకు పదేళ్ళపాటు కనపడనే లేదు. ఎందుకంటే ఈ కథ నాది.

మా హాస్టల్లో విజయనగరం మిత్రుడు ఒకడున్నాడు. ఒక రాత్రి మెస్‌లో బొబ్బిలి మాట వచ్చి నవ్వుకుంటున్నాం. వాడు అన్నాడు: "మీకు సరదాగానే ఉంటుంది రా. చిన్నప్పట్నుంచీ మా కోట ముందు క్రికెట్ ఆడుకున్నాను. సినిమా చూసిన ప్రతివాడూ నన్ను విలన్ ఊరివాడా అంటాడు." ఎవరం మాట్లాడలేదు. తెర మీది విలన్‌కి తెర బయట ఊరు ఉంటుంది, ఆ ఊరికి పిల్లలు ఉంటారు. మొఘలు సీరియల్స్‌లో కాటుక కళ్ళతో, క్రూరమైన నవ్వుతో ఒక పాత్ర వచ్చినప్పుడల్లా మన క్లాసులోనే ఇంకో మిత్రుడికి ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ అడగలేదు. చరిత్రలో కచ్చితత్వం ఎందుకు అంటే నా జవాబు ఇదే. చనిపోయిన రాజులకి మన న్యాయం అక్కర్లేదు. పక్క బెంచీలో కూర్చున్నవాడికి కావాలి.

పత్రం కూడా దేవుడి మాట కాదు అన్నది ఇక్కడ చెప్పుకోవాలి. ఆర్మ్ బొబ్బిలిలో లేడు, ఇతరుల కథనాల మీద ఆధారపడి రాశాడు. ఫ్రెంచివాళ్ళకి పోటీదారైన కంపెనీ మనిషి. అబుల్ ఫజల్ అక్బర్ జీతం తింటూ అక్బర్ గురించి రాశాడు. నారాయణకవి బొబ్బిలి పక్షాన నిలబడి రాశాడు. మీటరుకి జీరో ఎర్రర్ ఉంటే మీటరు పారెయ్యం, ఎర్రర్ ఎంతో చూసి తీసేస్తాం. రాసినవాడు ఎవరి మనిషో తెలుసుకోవటం అలాంటిదే.

తెర మీద రాని మొఘలులు

చివరిగా ఒక సంగతి. మొఘలులకీ మా నౌపడ తీరానికీ సంబంధమే లేదనుకునేవాణ్ణి. 1687లో ఔరంగజేబు గోల్కొండని పట్టుకున్నాక ఈ తీరం కూడా ఆ లెక్కలోకి వెళ్ళింది. దానికి ముందే కుతుబ్‌షాహీల ఫౌజుదారు షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు శ్రీకాకుళంలో ఇప్పటికీ ఉంది. మనం రోజూ వాడే జిల్లా, తహసీల్దారు, దస్తావేజు, నకలు, బకాయి, ఫిర్యాదు, రైతు, ఖరీఫు, రబీ ఆ కచేరీల నుంచి మన నోట్లోకి వచ్చిన మాటలే. సర్కారు అన్న మాట కూడా అంతే. మొఘలులు మన దగ్గర మిగిల్చింది నగలు కాదు, ఈ ఆఫీసు మాటలు.

బొబ్బిలి కోట పడిన 1757 జనవరిలోనే ఢిల్లీని అహమ్మద్ షా అబ్దాలీ దోచుకోవటం మొదలుపెట్టాడు. సింహాసనం మీద ఉన్న రెండో ఆలంగీర్ ఏమీ చెయ్యలేకపోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత, 1765 ఆగస్టు 12న, అలహాబాదులో కంపెనీ అండ మీద బతుకుతున్న రెండో షా ఆలం క్లైవ్‌కి బెంగాల్ దివానీతో పాటు ఉత్తర సర్కారుల ఫర్మానా కూడా ఇచ్చాడు. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం అయింది. తన చేతిలో లేని నేలని, తను చూడని తీరాన్ని ఒక చక్రవర్తి కాగితం మీద ఇచ్చేశాడు. మా ఉప్పు మళ్ళున్న ఈ తీరం చేతులు మారింది ఒక మొఘలు చక్రవర్తి ముద్రతో. ఆ ఫర్మానా మీద సీరియల్ లేదు. అందులో ప్రేమకథ లేదు మరి.

మీరూ చేసి చూడండి

ఈ సెలవుల్లో మీరు చూసే ఏ చరిత్ర సీరియల్ నుంచైనా ఒక్క ఎపిసోడ్ తీసుకోండి. కాగితం మీద మూడు గళ్ళు గియ్యండి. పది విషయాలు రాసి ఏది ఏ గడిలోదో తేల్చండి. తేలనివాటి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి, అది తప్పు కాదు. ఆ తర్వాత మీ ఊరి కథ ఒకటి తీసుకుని అదే పని చెయ్యండి. రెండోది చేసేటప్పుడు చెయ్యి ఆగుతుంది. అక్కడ ఆగకుండా రాయటమే అసలు పరీక్ష.

ఇదంతా అయ్యాక మామ్మకి చెప్పాను. బొబ్బిలి కథ అబద్ధం కాదు, కోట పడింది నిజం, పిల్లలు పోయారు, ఒక పిల్లవాడు బతికాడు, పాపారాయుడు మాత్రం జనం దాచుకున్న పేరు అని. ఆవిడ కాసేపు ఊరుకుని, "కతకి కాళ్ళు నేవు, ముంతకి సెవులు నేవు అని మా అమ్మ అనేది. మాకు తెల్దేటి? కత కతలాగే విన్నాం" అంది. తర్వాత అడిగింది: "ఆ బతికిన పిల్లడు ఏటైనాడు?"

పెద్దయ్యాడు, బొబ్బిలి మళ్ళీ నిలబడింది అన్నాను.

"అదీ సెప్పు ముందు" అని ఫోన్ పక్కన పెట్టింది.